సొంత ఖర్చుతో నల్లగుడ్డ

ఎడారిలో రెండు వేల ఏళ్ళుగా జరుగుతున్నదంతా ఇకమీదట ప్రతి సాయంత్రం భోజనానికి ముందు జరుగుతుందని ఉస్తాద్ వజీహ్ ప్రకటించాడు.

ఎర్రటి ఇసుకరాతి కొండ కింద కొత్తగా వేసిన డేరాల ముందు పనివాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి, తాను ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి మరీ ప్రకటించాడు. ఆయన మేనేజరు. రాజధాని అమ్మాన్ నుంచి "బంగారు ఇసుక యాత్రలు" అనే సంస్థ ఆయన్ని సిద్ర లోయకు పంపింది. ప్రాచీన వారసత్వం, స్థానిక రుచులు, ఎడారి సాహసం, మూడూ ఒకే టికెట్టులో అన్నది ఆ సంస్థ నినాదం. మూడూ లోయలో ఎప్పటినుంచో ఉన్నాయి. టికెట్టు ఒక్కటే లేకపోయింది. ఆ లోటు తీర్చడానికే ఆయన వచ్చాడు.

వరస చివర నిలబడి విన్నవాడు ఫర్రాజ్. సరిహద్దు దళంలో ఒంటె మీద తిరిగి, పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చిన మనిషి. పెద్దకొడుకు పేరుతో లోయంతా అతన్ని అబూ నాయిఫ్ అంటుంది. క్యాంపులో అతనికి షేక్ ఉద్యోగం దొరికింది. అతని వంశంలో ఎవరూ షేకులు కారు. గడ్డం చూసి వేశారు.

పనులన్నీ పద్ధతిగా మొదలయ్యాయి. సాహసం కోసం జీపు రోజూ ఒకే ఇసుకదిబ్బ వెనక దారి తప్పేది. తప్పిన చోట ఫ్లాస్కులో టీ సిద్ధంగా ఉండేది. ఒకసారి కొత్త డ్రైవరు నిజంగానే దారి తప్పితే, టీ లేని చోట తప్పినందుకు అతనికి చీవాట్లు పడ్డాయి.

రుచుల సంగతి చూస్తే, మాంసాన్ని నిప్పుల గొయ్యిలో పెట్టి ఇసుక కప్పి వండటం ఆ లోయవాళ్ళ అలవాటు. క్యాంపులో కూడా మాంసం ఇసుకలోంచే వచ్చేది. రేవుపట్నం అకబాలోని హోటల్లో వండి, వ్యానులో తెచ్చి, అతిథులు దిగడానికి కాస్త ముందు పాతిపెట్టేవారు. తవ్వి తీస్తుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు.

"ఇంట్లో ఇన్నేళ్ళు తవ్వాను, మా ఆవిడ ఒక్కసారీ చప్పట్లు కొట్టలేదు" అన్నాడు వంటవాడు హుమైద్.

"నువ్వు వండినదాన్ని తవ్వావు కదా, అందుకని" అన్నాడు ఫర్రాజ్.

ఇక మిగిలింది ప్రాచీన వారసత్వం. చిక్కు అక్కడ వచ్చింది.

కొండ అంచున ఒక రాతిబావి ఉంది. వానాకాలంలో కొండ మీద పడ్డ ప్రతి చుక్కా కాలువల వెంట అందులోకి చేరేట్టు పూర్వం ఆ ఎడారినేలిన నబాతీయులు తొలిచారు. బావి పక్కనే మేకల కోసం రాతిలోనే ఒక తొట్టి. ఎంత ఎండాకాలమైనా అందులో నీళ్ళుంటాయి. వజీహ్ గారు వచ్చిన వారంలో దానికి ఇనుప కటకటాలు, గేటు, తాళం పడ్డాయి. ముందు ఒక బోర్డు వెలిసింది. "ఇక్కడ పూర్వీకులు తమ మందలకు నీళ్ళు పెట్టేవారు" అని దాని మీద రాశారు. పక్కన మేక బొమ్మ కూడా వేయించారు.

గేటు ఇవతల నూఫా మేకలు నిలబడి ఆ బోర్డు వంక చూసేవి. వాటికి చదువు రాదు కాబట్టి పెద్దగా నొచ్చుకోలేదు.

నూఫా ఫర్రాజ్ భార్య. పోయిన చలికాలంలో పోయింది. మేకలు ఆమెవి. ఆమెకు వాటిని పిలిచే పిలుపు ఒకటి ఉండేది, నాలుకతో రెండు చప్పుళ్ళు, తర్వాత పొడుగ్గా ఒక కూత. ఫర్రాజ్ దాన్ని ఇంకా నేర్చుకుంటున్నాడు. మేకలు ఓర్చుకుంటున్నాయి. అవి ఉన్నాయి గనక పొద్దున్నే లేవడానికి అతనికి ఒక పని ఉంది. బావి మూతపడ్డాక డబ్బాలతో నీళ్ళు మోసుకొచ్చి పెడుతున్నాడు. అవి చాలడం లేదు. ఎండలు ముదిరేలోగా గేటు తెరుచుకోకపోతే మందను మాన్ పట్నం సంతకు తోలక తప్పదు. సంతలో కొనేవాడికి ఆ పిలుపుతో పనిలేదు.

అతను వజీహ్ గారి డేరాకు వెళ్ళాడు. బయటికి మేక వెంట్రుకల డేరా, లోపల చల్లటి గాలి మిషను.

"ఉస్తాద్, ఆ గేటు తాళం గురించి ఒక మాట."

"కూర్చో అబూ నాయిఫ్. అది రెండు వేల ఏళ్ళనాటి కట్టడం. తెలుసా?"

"తెలుసండి. మా తాత చెప్పేవాడు."

"మరి అలాంటి చోటికి మేకల్ని తోలతావా?"

"దాన్ని తొలిచిందే మేకల కోసం కదండి. రెండు వేల ఏళ్ళుగా తోలుతూనే ఉన్నాం."

"నేనూ అదే అంటున్నా. రెండు వేల ఏళ్ళుగా మేకలు. ఆ రాయి ఎంత అలిసిపోయి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

ఫర్రాజ్ ఆలోచించలేదు. ఒప్పుకున్నాడు.

"పోనీ ఒక పని చేద్దాం" అన్నాడు వజీహ్ గారు దయగా. "నీ మందలో తెల్లది ఒకటుంది చూడు, దాన్ని షాంపూ పెట్టి కడిగి తీసుకురా. ఫొటోల వేళ లోపల కట్టేద్దాం. ఒక్క మేకకు రాయి తట్టుకుంటుంది."

"తెల్లదానికి నీళ్ళు పెట్టి మిగతావాటికి నేనేం చెప్పనండి?"

"మిగతావి బోర్డు మీద ఉన్నాయిగా" అన్నాడు వజీహ్ గారు, లేచి నిలబడి.

ఇలా ఉండగా ఒక విదేశీ పత్రిక వాళ్ళు రాస్తామని వచ్చారు. ఆ రోజు వజీహ్ గారు షేక్ ఉద్యోగాన్ని తనే పుచ్చుకున్నాడు. జరీ అంచు అంగీ తొడుక్కుని, నడుముకు వంకీకత్తి కట్టుకుని, డేరా మధ్యలో దిండుకానుకుని కూర్చున్నాడు. ఫర్రాజ్‌ను ఎడారి దాటి వచ్చిన బాటసారిగా వేశారు. అతను ఇంటి నుంచి నడిచి వచ్చాడు, ఆ మేరకు అది నిజమే.

రోట్లో కాఫీ గింజలు దంచుతున్న చప్పుడు మధ్య వజీహ్ గారు ఉపన్యాసం ఇచ్చాడు. "మా జాతి సంప్రదాయం చూడండి. అతిథికి ఏదైనా కోరిక ఉంటే కాఫీ తాగడు. గిన్నె కింద పెట్టేస్తాడు. అప్పుడు ఇంటి యజమాని అడగాలి, మాటివ్వాలి. మాటిచ్చాక తప్పడం అనేది మా రక్తంలోనే లేదు." పత్రికవాళ్ళలో ఒక జర్మన్ ఆవిడ ఇదంతా రాసుకుంది.

కాఫీ గిన్నె ఫర్రాజ్ చేతికొచ్చింది. అతను ముందుగా ఏమీ అనుకోలేదు. మేనేజరు చెప్పినదంతా విన్నాడు, విన్నది తనకు పుట్టినప్పటి నుంచీ తెలిసినదే. గిన్నెను ముందున్న తివాచీ మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

రోలు ఆగిపోయింది. హుమైద్ పార పక్కన పెట్టి వచ్చాడు. బయట జీపుల దగ్గరున్న డ్రైవర్లు చెప్పులు విడిచి లోపలికొచ్చి డేరా అంచువారగా కూర్చున్నారు. వాళ్ళకు ఇంక ఇది కార్యక్రమం కాదు.

"తాగు" అన్నాడు వజీహ్ గారు పళ్ళ సందున.

"తాగుతానండి. నాకొక పని ఉంది."

"తర్వాత మాట్లాడదాం."

"తర్వాత కాఫీ చల్లారిపోతుంది ఉస్తాద్."

జర్మన్ ఆవిడ మోకాళ్ళ మీద ముందుకు జరిగింది. "మీరు ఇప్పుడే చెప్పారే, అదేనా ఇది?" అని అడిగింది. అందరి కెమెరాలూ అంగీ వైపు తిరిగాయి. జరీ అంచు కింద మనిషికి చెమట పట్టింది.

"ఏమిటి నీ పని?" అన్నాడు చివరికి.

"బావి గేటు. నూఫా మేకలకు నీళ్ళు."

"నూఫా ఎవరు?" అంది జర్మన్ ఆవిడ. పక్కనున్న డ్రైవరు ఆమెకు మెల్లగా చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

వజీహ్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కాఫీ తాగు, అన్నా. నువ్వు వచ్చిన పని అయినట్టే."

ఫర్రాజ్ తాగాడు. నిజంగానే చల్లారిపోయింది. అయినా ఆ రోజు ఇంటికి వెళ్తూ దారిలో నాలుకతో రెండు చప్పుళ్ళు చేసి చూసుకున్నాడు.

పొద్దున్నే మందను తోలుకుని బావి దగ్గరికి వెళ్తే తాళం తాళంలాగే ఉంది. వజీహ్ గారు ఎదురొచ్చి కావలించుకున్నాడు.

"చంపేశావు అబూ నాయిఫ్! ఆ ఆవిడ పొద్దుట దాకా దాని గురించే మాట్లాడింది. ఇక రోజూ పెడుతున్నాం."

"గేటు తీస్తారా ఉస్తాద్?"

"గేటు తీసేస్తే రేపు సాయంత్రం ఏమడుగుతావు?" అన్నాడాయన, ఎంతో సహజంగా.

అలా ఫర్రాజ్ రోజూ అడగడం మొదలుపెట్టాడు. ఒక్క పూటైనా నిజంగా విని తెరుస్తాడేమోనన్న ఆశ అతనిది. ప్రతి సాయంత్రం గిన్నె కిందపెట్టేవాడు, ప్రతి సాయంత్రం కోరిక మంజూరయ్యేది, ప్రతి ఉదయం తాళం అలాగే ఉండేది. లోయలో అన్నిసార్లు మంజూరైన కోరిక మరొకటి లేదు. అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. కొందరైతే వజీహ్ గారి దయకు ఆయన చేతులు పట్టుకునేవారు. ఆయన తల వంచి, "మా పూర్వీకుల నుంచి వచ్చిందండీ, మాదేముంది" అనేవాడు.

హుమైద్ ఒకరోజు ఫర్రాజ్ చెవిలో అన్నాడు, "రేపు కాస్త పెద్దదేమైనా అడుగు. అకబా రేవు అడుగు. ఎలాగూ ఇస్తున్నాడు."

మొదటి రోజు తర్వాత ఫర్రాజ్ భార్య పేరు ఎత్తలేదు. "మేకలకు నీళ్ళు" అని ఊరుకునేవాడు. వజీహ్ గారికి అది వెలితిగా తోచింది. ఒక పూట పక్కకు పిలిచాడు.

"నిన్న నీ గొంతులో పస లేదు. పోయిన నీ భార్య పేరు మొదటి రోజు చెప్పావు గుర్తుందా? అక్కడే అందరూ కరిగిపోయారు. రోజూ చెప్పు. చెప్పి కాస్త ఆగు. వాళ్ళు కళ్ళు తుడుచుకోవడానికి టైమివ్వు."

"అది నా నోట రాదండి" అన్నాడు ఫర్రాజ్.

"అలవాటు మీద వస్తుంది" అన్నాడు వజీహ్ గారు.

ఆ రోజు ఫర్రాజ్ కార్యక్రమానికి ఉండకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. అతని అక్క తర్ఫా గుమ్మంలో రొట్టె కాలుస్తోంది. వంపు పెనం మీద రొట్టె తిప్పడంలోనూ మాట విసరడంలోనూ ఆమె చెయ్యి ఒకటే.

"ఏం షేకు గారూ, పెందరాళే వచ్చేశారు? ఈ పూట మీ కోరిక ఎవరు తీరుస్తారు?"

"ఊరుకో అక్కా."

"ఊరంతా ఊరుకుంటోంది, ఇంక నేనూ ఊరుకోవాలా? మాటిచ్చి తప్పినవాడు ఒకడు, తప్పాడని తెలిసీ మర్నాడు వెళ్ళి అదే గిన్నె ముందు కూర్చునేవాడు ఇంకొకడు. మీ ఇద్దరిలో ఎవరి మొహం నల్లబడిందో నాకు తెలీడం లేదు."

ఆ లోయలో కాఫీ ముందు మాటిచ్చి తప్పినవాడి మీద దారి పక్కన నల్లగుడ్డ ఎగరేస్తారు. అది చూసినవాళ్ళు ఆ ఇంట నీళ్ళు కూడా ముట్టరు. మాట నిలబెట్టుకునేదాకా ఆ గుడ్డ దిగదు. ఫర్రాజ్ తన ఎరుకలో అది ఒక్కసారే చూశాడు. ఆ మనిషి ఊరు విడిచిపోయాడు. అందుకే అతను ఇన్నాళ్ళూ ఆ మాట తలపెట్టలేదు.

"ముందు చెప్పి చూడాలి" అన్నాడు. "చెప్పకుండా ఎగరెయ్యకూడదు."

మర్నాడు వెళ్ళి చెప్పాడు. "ఉస్తాద్, రేపటిలోగా గేటు తియ్యకపోతే రోడ్డు మలుపులో నల్లగుడ్డ ఎగరేస్తాను. మాట తప్పినవాడి మీద ఎగరేసేది."

వజీహ్ గారు కుర్చీలోంచి లేచాడు. "ఇన్నాళ్ళూ ఇది నాకెందుకు చెప్పలేదు? ఎర్రటి ఇసుక, మధ్యన నల్లజెండా. ఫొటోలో అదిరిపోతుంది. ఎవరి మీద ఎగరేస్తావు?"

"మీ మీదండి."

"నన్ను కూడా కథలోకి లాగావన్నమాట" అని నవ్వి ఆయన ఫర్రాజ్ భుజం తట్టాడు. "ఎగరెయ్యి, ఎగరెయ్యి."

ఇంట్లో నల్లగుడ్డ అంటే నూఫా అంగరఖా ఒక్కటే. తర్ఫా పెట్టె తెరిచి అది తీసింది.

"అది వద్దు" అన్నాడు ఫర్రాజ్.

"మాట ఎవరి మేకలకిచ్చాడు?" అంది తర్ఫా.

అతను చెయ్యి చాపి పుచ్చుకున్నాడు. చింపలేదు. దాని చేతులు రెండూ కర్రకున్న అడ్డపుల్లకు కట్టి, పెద్దరోడ్డు నుంచి క్యాంపుకు తిరిగే మలుపులో కర్ర పాతి, చుట్టూ రాళ్ళు పేర్చాడు. కొంతసేపు అక్కడే నిలబడ్డాడు. ఆమె చేతులు చాచి నిలబడ్డట్టుంది. తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

వజీహ్ గారికి అది ఎంత నచ్చిందంటే, ఒక్కటి చాలదనుకున్నాడు. అకబా దర్జీకి కబురు పెట్టి, మలుపు నుంచి క్యాంపు దాకా రోడ్డుకు రెండువైపులా స్తంభాలు పాతించి, ప్రతి స్తంభానికీ ఒక నల్లగుడ్డ కట్టించాడు. పట్టుగుడ్డ. అంచుకు కుచ్చులు కూడా పెట్టించాడు.

లోయ నివ్వెరపోయింది. మొహం నల్లబడితే దాక్కునేవాళ్ళను చూశారు, కాళ్ళు పట్టుకునేవాళ్ళను చూశారు. ఇలా సొంత ఖర్చుతో రోడ్డంతా చాటించుకున్నవాణ్ణి ఎవరూ చూడలేదు. టీ దుకాణం ముందు ముసలివాళ్ళు రెండు పక్షాలయ్యారు. మనిషిలో పశ్చాత్తాపం వచ్చింది, అందుకే ఇంతగా ఒప్పుకుంటున్నాడని ఒక పక్షం. ఒక్క మాట కాదు, ఎన్నిసార్లు తప్పాడో అన్ని గుడ్డలు లెక్కగా కట్టాడు, నిజాయితీపరుడని ఇంకో పక్షం.

పనివాళ్ళు మాత్రం మర్యాదగా జారుకోవడం మొదలుపెట్టారు. ఒక డ్రైవరు తల్లికి జబ్బు చేసింది. ఇంకొకడి ఒంటె ఈనింది. హుమైద్ పార తెచ్చి వజీహ్ గారి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నీకేమైంది?" అన్నాడు వజీహ్ గారు.

"ఏం లేదండి. దారిలో నాకు కళ్ళున్నాయి, అంతే."

ఎవరూ అంతకంటే వివరించలేదు. తన మొహం నల్లబడిందని మనిషికి వేరే ఎవరైనా చెప్పాలా? అదీ తనే కుచ్చులు కుట్టించుకున్నాక?

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి మిస్లెహ్ పాషా వస్తున్నాడని కబురొచ్చింది. సైన్యంలో పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. అసలైన వారసత్వాన్ని కాపాడుతున్న సంస్థలకు ఇత్తడి ఫలకం ఇచ్చే కమిటీకి అధ్యక్షుడు. ఉత్తరపు ఎడారిలో డేరాలో పుట్టినవాడు. ఆయన కారు మలుపు తిరిగి, మొదటి గుడ్డ దగ్గరే ఆగింది. అద్దం దిగింది. మళ్ళీ మెల్లగా, శవం వెంట నడిచినట్టు, స్తంభాల మధ్య నుంచి క్యాంపు దాకా వచ్చింది.

వజీహ్ గారు అంగీతో ఎదురెళ్ళాడు. ఆయన వెనక విదేశీ అతిథులు, వాళ్ళ వెనక, గేటు తీస్తారేమో చూడ్డానికి వచ్చిన ఫర్రాజ్, బాటసారి వేషంలోనే.

"ఇవి ఎవరు కట్టారు?" అన్నాడు పాషా కారులోంచి దిగకుండానే.

"మేమే పాషా. మొత్తం మా ఖర్చే."

"ఎవరి మీద?"

"రోడ్డు మీద పాషా. పొడుగునా."

పాషా ఆయన్ని వదిలేసి వెనకున్న గడ్డం మనిషి వైపు చూశాడు. "మొదటిది ఆడమనిషి అంగరఖా. అది ఎవరు ఎగరేశారు?"

"నేనండి" అని ఫర్రాజ్ ముందుకొచ్చాడు. "ఈయన కాఫీ ముందు నాకు మాటిచ్చాడు. మేకలకు బావి తీస్తానని. తియ్యలేదు."

"ఒక్కసారేనా ఇచ్చింది?"

"రోజూ ఇస్తున్నాడండి."

"అది సాయంత్రం కార్యక్రమంలో భాగం పాషా" అన్నాడు వజీహ్ గారు తొందరగా. "నటన."

"కాఫీ కూడా నటనేనా?"

"అబ్బే, కాఫీ నిజమైందే. యెమెన్ గింజలు."

"మరి మాట?"

వజీహ్ గారు చుట్టూ చూశాడు. మాట అందించేవాళ్ళెవరూ లేరు.

"ఫలకం నా దగ్గరే ఉంది" అన్నాడు పాషా. "నల్లగుడ్డ ఎగురుతున్న చోట నేను కాలు కింద పెట్టను. అది దిగాక పిలవండి." అద్దం పైకెక్కింది. ఆయన చల్లటి కారులో కూర్చుని సంప్రదాయం కోసం ఎదురుచూశాడు.

తాళంచెవి వజీహ్ గారి అంగీ జేబులోనే ఉంది. గేటు తీస్తుంటే ఇనుము కీచుమంది. ఫర్రాజ్ ఇంటికెళ్ళి మందను తోలుకొచ్చాడు. బావి ముందు నిలబడి నాలుకతో రెండు చప్పుళ్ళు చేసి, పొడుగ్గా కూశాడు. మేకలు ఒక్క క్షణం తలెత్తి అతని వంక చూశాయి. తర్వాత ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి దగ్గరికి దిగి, తల ఎత్తకుండా తాగాయి. రాయి అలిసిపోయినట్టేమీ కనిపించలేదు.

అవి తాగడం అయ్యాక ఫర్రాజ్ మలుపు దాకా నడిచి, నూఫా అంగరఖాను కర్ర నుంచి విప్పాడు. ఇసుక దులిపి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"హమ్మయ్య" అన్నాడు వెనకే వచ్చిన వజీహ్ గారు. "అలాగే మిగతావి కూడా తీసెయ్యి."

"అవి నావి కావు ఉస్తాద్."

"నావైతే ఏం? నువ్వు తియ్యి."

"కట్టినవాడే తియ్యాలండి. ఇంకొకరు ముడితే ఆ నలుపు వాళ్ళకంటుతుంది."

వజీహ్ గారు పనివాళ్ళ కోసం చూశాడు. ఉన్నవాళ్ళ తల్లులు అప్పుడే జబ్బుపడ్డారు. వాళ్ళ వెనకే మెల్లగా వచ్చి ఆగిన కారు అద్దం నాలుగు వేళ్ళు దిగింది. "అతను చెప్పింది పద్ధతే" అంది లోపలి నుంచి గొంతు. అద్దం మళ్ళీ మూసుకుంది.

కాబట్టి వజీహ్ గారు జరీ అంచు అంగీలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నిచ్చెన భుజాన వేసుకుని బయలుదేరాడు. ఒక స్తంభం ఎక్కడం, ఒక గుడ్డ విప్పడం, దిగడం, రోడ్డు దాటడం. కుచ్చులు గట్టిగా కుట్టించుకున్నాడు. విదేశీ అతిథులు రెండువైపులా బారులు తీరి, శ్రద్ధగా ఫొటోలు తీశారు. ప్రతి గుడ్డకూ చప్పట్లు కొట్టారు.

సగం దారిలో నిచ్చెన ఇసుకలోకి దిగబడసాగింది. మేకలతో ఇంటికెళ్తున్న ఫర్రాజ్ ఆగి చూశాడు.

"గుడ్డ ముట్టకపోతే మానె, నిచ్చెనైనా పట్టుకో అబూ నాయిఫ్" అన్నాడు పైనుంచి వజీహ్ గారు.

నిచ్చెన పట్టుకోవడానికి ఏ ఆచారమూ అడ్డు రాదు. ఫర్రాజ్ అంగరఖాను మెడ చుట్టూ వేసుకుని, రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. మేకలు కాళ్ళ చుట్టూ చేరాయి. పైన వజీహ్ గారు కాసేపు ముడితో పెనుగులాడి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, కింద కెమెరాల బారు వైపు చూశాడు. చూస్తున్న కొద్దీ ఆయన మొహం తేటపడింది.

"చూడు, ఎలా చూస్తున్నారో" అన్నాడు గొంతు తగ్గించి. "దీన్ని భోజనం తర్వాత పెడితే ఎలా ఉంటుందంటావు? నేను ఒక్కొక్కటే దింపుతుంటే, నువ్వు కింద నిలబడి నీ భార్య పేరు..."

నిచ్చెన ఒక్కసారి గట్టిగా ఊగింది. వజీహ్ గారు స్తంభాన్ని కావలించుకున్నాడు.

ఆ పూట గాలి అసలు లేదు.